వాసన లేని చందనం

ఆత్మకూరులో ఉండే మా పిన్ని కూతురు ఆన్‌లైన్లో ఎవరో రీసెల్లర్ దగ్గర "ప్యూర్ ఎర్రచందనం ఫేస్ ప్యాక్" కొంది. రెండ్రోజులు రాసుకునేసరికి బుగ్గల మీద దద్దుర్లు. మూత తియ్యగానే గుప్పుమని గంధం వాసన. "ఒరిజినలే అన్నా, చూడు ఎంత వాసనో" అంది. వాడు దొరికిపోయింది అక్కడే. ఎర్రచందనానికి గంధం వాసన ఉండదు!

పైగా అదేదో దూరదేశపు సరుకా? మా వెలికొండల చెట్టే. ఉదయగిరి అనగానే 1514లో కృష్ణదేవరాయలు గజపతుల కోట గెలవడం గురించి చెప్తారుగానీ, ఆ కొండల్లో పెరిగే ఈ చెట్టు చరిత్ర ఎవరికీ పట్టదు.

తిరకాసంతా పేరులో ఉంది. గంధపు చెట్టుకీ దీనికీ చుట్టరికమే లేదు. ఇది చిక్కుడు కుటుంబం (అవును, మనం కూరొండుకునే చిక్కుడే). ప్రపంచం దీన్ని కొన్నది వాసన కోసం కాదు, రంగు కోసం. మధ్యయుగాల ఇంగ్లండులో వంటలకి ఎరుపు రావడానికి వాడారు. యూరపులో ఉన్ని అద్దకానికి వాడారు. పాత బ్రిటిష్ ఫార్మకోపియాలో లావెండర్ టింక్చరుకి ఎరుపు దీన్నుంచే. 1869లో కృత్రిమ అలిజరిన్‌కి పేటెంట్లు వచ్చాక, ప్రయోగశాల రంగుల ముందు చెక్కరంగులు నిలవలేకపోయాయి.

టింక్చరు సంగతి ఊరికే చెప్పలేదు. టింక్చరంటే ఆల్కహాలు. ఎర్రచందనంలోని శాంటలిన్ అనే రంగు చన్నీళ్ళలో దాదాపు కరగదు, ఆల్కహాల్లో చక్కగా కరుగుతుంది. అందుకే అద్దకంవాళ్ళు దీన్ని కరగని ఎర్రచెక్కల్లో లెక్కేశారు. కేరళ హోటళ్ళలో గులాబిరంగు నీళ్ళిస్తారు చూడండి, పతిముగం, అది కరిగే రకం.

మేం రెండు గాజుగ్లాసులు తీసుకున్నాం. ఒకదాన్లో చన్నీళ్ళు, ఇంకోదాన్లో మెడికల్ షాపు స్పిరిట్, చెరో చిటికెడు పొడి. అసలుదైతే నీళ్ళలో పొడి అడుక్కి దిగుతుంది, పైన రంగు పెద్దగా రాదు. స్పిరిట్ మాత్రం ఎర్రబడుతుంది. చెల్లి పొడి వేశామో లేదో, నీళ్ళు హోలీ ఆడినట్టయ్యాయి. అయితే స్పిరిట్లో మాత్రమే కరిగే కృత్రిమ రంగు కలిపే తెలివైన దొంగ దగ్గర ఈ పరీక్ష పని చెయ్యదు. అది ఒప్పుకోవాలి.

చట్టం మాటకొస్తే, 1940 నాటి మందుల చట్టంలోకి సౌందర్య సాధనాలు వచ్చిందే 1962 సవరణతో. నకిలీ వాటిని విడిగా నిర్వచించింది 1982లో. 2020 నిబంధనల ప్రకారం లేబుల్ మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు ఉండాలి. ఈ డబ్బా మీద ఉన్నవి రెండు ఆకుల బొమ్మ, "హండ్రెడ్ పర్సెంట్ నేచురల్" అన్న మాట.

మా అవ్వ దగ్గర తిరుపతిలో కొన్న ఎర్రచందనం బొమ్మ ఒకటి ఉండేది. ఎవరికి సెగ్గడ్డ లేచినా సానరాయి మీద నీళ్ళు చల్లి దాన్నే అరగదీసేది. అరిగీ అరిగీ బొమ్మకి ఒక కాలే మిగిలింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసనుండేది కాదు.

డబ్బులు వెనక్కివ్వమని చెల్లి రీసెల్లర్‌కి మెసేజ్ పెట్టింది. "కొత్త బ్యాచ్ మేడం, అందుకే సువాసన ఎక్కువ" అన్నాడట.