సిరిసిల్ల బట్టలో చార ఎవరి తప్పు?

2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న సిరిసిల్లలో చేమగ్గం వెనకబడి మరమగ్గం నిలబడింది, పాలిస్టర్ వచ్చింది. బట్టలో రంగు చారలు కనబడితే నింద మాత్రం ఇప్పటికీ అద్దకం మీదే పడుతుంది. ఇది తొందరపాటు. నూలు చిలపలను చేత్తో తొట్టిలో ముంచిన రోజుల్లో ఆ నింద చాలావరకు న్యాయమే: కట్టు బిగిసినచోట రంగు సరిగా దిగేది కాదు. పాలిస్టర్ సంగతి వేరు. పేకలో వేర్వేరు లాట్ల దారం కలిసినా, మగ్గం మీద బిగువు మారినా, తెల్లబట్టలో దాగిన ఆ తేడా సుమారు 130 డిగ్రీల వేడిలో రంగు ఎక్కాకే బయటపడుతుంది.

దీన్ని తేల్చడం కష్టమేమీ కాదు. చార ఉన్న ముక్కలోంచి రంగును రసాయనంతో తీసేస్తారు. చార ఇంకా మిగిలితే దోషం దారానిదో, నేతదో. తేడా ఎంతో చెప్పడానికి పగటి వెలుగును పోలిన దీపం కింద 1 నుంచి 5 దాకా ఉండే బూడిదరంగు కొలబద్దతో పోలుస్తారు. 5 అంటే తేడా లేనట్టే. కంటిని నమ్మడమేమిటి, యంత్రం లేదా అని అడగొచ్చు. ఉంది. కానీ అది చిన్న వృత్తంలోని సగటు రంగునే చదువుతుంది, సన్నటి చారలు ఆ సగటులో కలిసిపోతాయి. పోచంపల్లి ఇక్కత్‌లో చెదిరిన అంచును మెచ్చుకుంటాం కదా అంటే, అది కట్టుల లెక్కతో వచ్చిన చెదురు. ఇది ఎవరూ కోరనిది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల్లాంటి భారీ ఆర్డర్లకు ముందుగా కావాల్సింది దారం లాట్లు కలవకుండా చూడటం. అద్దకందారును ఆ తర్వాతే నిలదీయాలి.