నలభై ఐదు దాటాక బుల్లెట్టా?

మా ఆఫీసులో నడివయసు మేనేజర్లకి ఈమధ్య బుల్లెట్ పిచ్చి పట్టుకుంది. "కాలేజీ రోజులనాటి కోరికయ్యా" అంటారు. బానే ఉంది కానీ, అప్పుడు కోరుకున్న బండీ ఇప్పుడు షోరూంలో ఉన్న బండీ ఒకటి కావు. కాస్త చరిత్రలోకి వెళ్దాం.

బుల్లెట్ పుట్టింది ఇంగ్లండులో. 1950ల మొదట్లో మన సైన్యం సరిహద్దు గస్తీకని కొన్నది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. 1970లో ఇంగ్లండు కంపెనీ మూతపడినా, మనవాళ్ళు పెద్దగా మార్పుల్లేకుండా అదే బండి తయారుచేస్తూ వచ్చారు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. స్టార్ట్ చెయ్యడం ఇంకో తతంగం. యామ్మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా మెల్లిగా కిక్కు నొక్కి, డీకంప్రెసర్ లాగి, పిస్టన్‌ని ఆ గండం దాటించి, అప్పుడు కొట్టాలి. తేడా వస్తే కిక్కు తిరిగి మన కాలినే తన్నేది!

1985లో సీడీ 100, ఆర్ఎక్స్ 100 వచ్చాక జనం తేలికబళ్ళకి అలవాటుపడ్డారు. ఒకటి మైలేజీకి, ఇంకోటి స్పీడుకి. చివరికి బుల్లెట్ కుటుంబమూ దారికొచ్చింది. 2009లో వచ్చిన క్లాసిక్‌కి గేరు ఎడమకాలికే, స్టార్టుకి బటన్. బరువు మాత్రం తగ్గలేదు. ఇప్పటి క్లాసిక్ 350 బరువు 195 కేజీలు.

అందుకే నా లెక్క ఇది. ఆదివారాలు శ్రీశైలం రోడ్డెక్కేవాళ్ళకి తొందరపడని ఆ ఇంజన్ బాగా నప్పుతుంది. రోజూ అమీర్‌పేట ట్రాఫిక్కే అయితే 125 సీసీ బండే సుఖం. కొనేముందు ఓ రౌండు వేశాక, ఇంజన్ ఆపేసి పదడుగులు వెనక్కి తోసి చూడండి. మోకాళ్ళు ఒప్పుకుంటే కొనెయ్యండి!