ఆల్బియన్‌లో ఒక నాయుడుగారు

పోయిన కూటంలో ఒక పెద్దాయన అడిగినారు: "మనము తెలుగువాళ్లమని మనవళ్లకు చెప్పేదెవరు?" ఆ మాట మనసులో పెట్టుకొనే ఇది రాస్తున్నాము.

దక్షిణ అమెరికా ఉత్తరపు అంచున గయానా దేశము. అక్కడ బెర్బిస్ ప్రాంతములో, కొరెంటైన్ తీరాన ఆల్బియన్ అని చెరకుతోటల పల్లె ఉన్నది. నేలంతా పలక మాదిరి చదును. సముద్రం పోటు మీద ఉంటే నీటిమట్టం కన్న ఆ తీరపు నేలే పల్లం. అందుకని డచ్చివాళ్ల కాలంనుంచి ముందు సముద్రానికి ఒక కట్ట, వెనక చిత్తడికి ఒక కట్ట. కోకర్ అనే తూము తలుపును పోటులో మూస్తారు, పాటులో ఎత్తి వాననీళ్లు వదులుతారు.

బానిసత్వం పోయినాక తోటలకు కూలీలు కావలసివచ్చి 1838లో కలకత్తానుంచి రెండు ఓడలు పోయినవి. మద్రాసు రేవునుంచి 1845లో మొదలు. 1917 వరకు పోయిన సుమారు 2,39,000 మందిలో మద్రాసు ఓడలవాళ్లు 15,000 మందే. వాళ్లలో తమిళులూ ఉండిరి, తెలుగువాళ్లూ ఉండిరి. అక్కడ అందరికీ ఒకటే పేరు, మద్రాసీ. రేవు పేరే జాతి పేరైపోయినది. ఏళ్లతరబడి రైల్వేలో రిజిస్టర్లు రాసినవాళ్లము, ఒకసారి పడిన పేరు ఎట్లా నిలిచిపోతుందో మాకు తెలుసు.

చుట్టూ ఉన్నది భోజ్‌పురి మాట, ఆపైన ఇంగ్లీషు. తమిళమూ తెలుగూ ఇండ్లలోనుంచి పోయినవి. పోనిది మారియమ్మ. ఆమెనే అక్కడ కాళీమాయి అంటారు. వేపమండలు ఉన్నవి, కోడీ మేకా బలి ఉన్నది, తప్పు వాయిద్యమున్నది. మనము డప్పు అనేదే, తమిళ పేరుతో.

(క్రికెట్ అభిమానులకు ఒక మాట: వెస్టిండీస్ గడ్డమీద మొదటి వన్డే 1977లో ఈ ఆల్బియన్‌లోనే, పాకిస్తాన్‌తో ఆడినారు.)

ఆ గుడి పూజారిగా పేరుపొందినవారు జేమ్సీ నాయుడు. 1970లలో ఆయన చేసే పూజావైద్యము గురించి పరిశోధకులు రాసినారు. ఆ పేరు చూసి మేము కాసేపు ఆగిపోయినాము. ముందర జేమ్సీ, వెనక నాయుడు! ఒక్క పేరు పట్టుకొని మనవాడే అని రాసుకోవడం న్యాయము కాదు. అయినా నాయుడు అనే మాట తెలుగునాటినుంచి పోయినదే కదా.

మేమూ తమిళ బడిలోనే చదివినాము. తెలుగు అక్షరాలు ఉద్యోగములో చేరినాకనే వచ్చినవి, సంతకం మాత్రం ఇప్పటికీ తమిళములోనే. మీ ఇండ్లలో "ఫలానా తాత ఓడెక్కి పోయినాడు, తిరిగి రాలేదు" అనే మాట ఉంటే, ఏ ఊరు, ఏ ఇంటిపేరు, వచ్చే కూటానికి రాసుకొని తీసుకురండి.