ఓడిపోనాం అన్నవాడే అభిమాని

"వాడికి అభిమానం ఎక్కువ" అని ఎవరైనా అంటే, తరవాతి మాట వినేదాకా సంగతి తేలదు. "అప్పడగడానికి నోరు రాదు" అని కలిపితే అది ఆత్మగౌరవం. "అన్నయ్య పిల్లలంటే మరీనూ" అని కలిపితే అది ప్రేమ. ఒకటి తన మీద తనకుండేది, రెండోది ఇంకొకరి మీద ఉండేది. రెంటికీ ఒకే మాట పెట్టుకుని తెలుగువాళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నెట్టుకొస్తున్నారు. హీరో కటౌట్‌కి పాలు పోసేవాణ్ణీ, ఆటలో ఒక జట్టు కోసం గొంతు పోగొట్టుకునేవాణ్ణీ కూడా అభిమాని అనే అంటాం. ఈ మూడో అర్థం ఆ రెంటిలో దేని సంతానం? ప్రేమదే అని పైకి తోస్తుంది. నా మటుకు నాకు ఆత్మగౌరవం పోలికలే ఎక్కువ కనిపిస్తాయి.

ముందు మాట పుట్టుక చూద్దాం. 'అభి' అంటే వైపు, ఎదురుగా. 'మన్' అంటే తలచడం. అవమానం, సన్మానం, బహుమానం అన్నీ ఈ ధాతువు పిల్లలే. అనుమానం, ఉపమానం కూడా తోబుట్టువుల్లాగే ఉంటాయి గానీ వాటి ఇల్లు వేరు. అవి 'మా' అనే ధాతువు నుంచి వచ్చాయి, దానర్థం కొలవడం. అనుమానించేవాడు కొలుస్తాడు, అభిమానించేవాడు తలుస్తాడు. సగటులూ స్ట్రైక్ రేట్లూ చూపించి ఒక అభిమానిని పక్క జట్టుకి మార్చిన మొనగాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ధాతువే వేరైనప్పుడు లెక్కలేం చేస్తాయి?

సాంఖ్యులు ఈ మాటని చాలా కచ్చితంగా వాడారు. అహంకారం అంటే ఏమిటని అడిగితే అభిమానమే అన్నాడు ఈశ్వరకృష్ణుడు తన కారికల్లో. తలపు బయటికి వెళ్లి ఒకదాని మీద వాలి 'ఇది నేను, ఇది నాది' అనడం అన్నమాట. వేదాంతులు అదే వరసలో దేహాభిమానం అన్నారు. ఒళ్లు నేను కాకపోయినా ఒళ్లే నేననుకోవడం. వాళ్లకది వదిలించుకోవలసిన రోగం. తెలుగువాడు మాత్రం ఆ రోగంతోనే కాపరం పెట్టాడు. కడుపున పుట్టకపోయినా కొడుకని తలచి పెంచుకున్నవాణ్ణి అభిమానపుత్రుడు అన్నాడు. నెత్తురుతో పని లేదు. 'నావాడు' అని తలచడంతోనే చుట్టరికం కుదిరిపోయింది.

మైదానంలో పరిగెత్తే ఆ పదకొండు మందీ మనం కాదు. మన పేరూ వాళ్లకి తెలీదు. అయినా వాళ్లు గోలు కొడితే ఇక్కడ గుండె ఎగురుతుంది. సాంఖ్యుడి నిర్వచనానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇదే మాట పొరుగు భాషల్లో ఏమైందో చూడాలంటే విశాఖ ఉక్కునగరం మంచి చోటు. దేశంలోని పాత ఉక్కు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లూ, పోర్టుకీ రైల్వేకీ వచ్చి స్థిరపడినవాళ్లూ, ఇక్కడి పల్లెలవాళ్లూ కలిసి ఉండే చోటది. ఒక క్వార్టర్స్ బ్లాకులో ఒక్క మెట్ల వరసలోనే ఈ మాటకి నాలుగు అర్థాలు వినిపించవచ్చు. హిందీ ఆయన నోట అభిమాన్ అంటే సాధారణంగా గర్వం, అదీ కాస్త తలకెక్కిన గర్వం. మరాఠీ ఆయన కొడుకు ర్యాంకు తెస్తే అభిమాన్ అంటాడు. అక్కడది తల ఎత్తుకుని చెప్పుకునే మంచి గర్వం. కన్నడిగుడికి మనలాగే అభిమాని ఉన్నాడు. రాజ్‌కుమార్ తన ప్రేక్షకుల్ని 'అభిమాని దేవరుగళే' అని పిలిచేవారు, అభిమానులనే దేవుళ్లన్నమాట. బెంగాలీ వాళ్ల అభిమాన్ అన్నిటికంటే విచిత్రం. అది కావలసినవాళ్లు మనసు నొప్పిస్తే వచ్చే అలక. పరాయివాళ్ల మీద అది రాదు, హక్కున్న చోటే వస్తుంది. ఒరియావాళ్లకీ దాదాపు ఇదే అర్థం. 1973లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన 'అభిమాన్' హిందీ సినిమా. తీసినాయన బెంగాలీ. కథలో భర్తకి వచ్చింది గర్వమా, అలకా అన్నది ఏ భాషలో చూస్తే ఆ భాషలో తేలుతుంది.

ఈ బెంగాలీ అర్థాన్ని నేను తెలుగు అభిమానికి అరువు తెచ్చుకుంటాను. చిత్తుగా ఓడిన జట్టుని మర్నాడు టీ కొట్టు దగ్గర నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి చూడండి. "ఈ జన్మలో ఈళ్ల ఆట సూడను" అని ఒట్టేస్తాడు. వచ్చే ఆదివారానికి మళ్లీ టీవీ ముందుంటాడు. అది కోపం కాదు, అలక.

బెంగాలీల సంగతి వచ్చింది కాబట్టి వాళ్ల ఫుట్‌బాల్ సంగతీ చెప్పుకోవాలి. మోహన్ బగాన్ 1889లో పుట్టింది, ఈస్ట్ బెంగాల్ 1920లో. 1911లో మోహన్ బగాన్ ఆటగాళ్లు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు జట్టుని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచారు. ఆ ఒక్క ఆటతో తెల్లవాడి ముందు తలెత్తుకున్నామనుకున్నవాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళ్టికీ ఆ జట్టువాళ్లే. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఈస్ట్ బెంగాల్ వైపు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస వంశపు ఇలిష్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. ఏ జట్టు అని ఆ ఇళ్లల్లో పిల్లల్ని అడగరు. ఇంటిపేరుతో పాటే వస్తుంది.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ కూడా అంతే. కాళ్లకంటే చేతులతోనే ఎక్కువ ఆడే ఆ ఆటలో మొదటి కాలేజీ పోటీ 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్‌ల మధ్య జరిగింది. అక్కడ శనివారం కాలేజీలది, ఆదివారం వృత్తి జట్లది. గాజువాక నుంచో కూర్మన్నపాలెం నుంచో ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన కుర్రాడికి మొదట ఆ గోల అర్థం కాదు. లక్షమంది పట్టే స్టేడియం ఒక కాలేజీకి ఎందుకు? మిషిగన్ వాళ్ల స్టేడియం ఆ లెక్క కూడా దాటింది. చదువుకున్న కాలేజీ మీద మమకారం మనకీ ఉంది గానీ, డెబ్బై ఏళ్ల పెద్దాయన కాలేజీ రంగు చొక్కా తొడుక్కుని కూర్చోవడం మనకి కొత్త.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. కాలేజీ ఆటగాడు నాలుగైదేళ్లకి మించి ఉండడు. పదేళ్లు తిరిగేసరికి జట్టంతా కొత్తవాళ్లే. కోచ్ మారతాడు, ఆడే పద్ధతి మారుతుంది. మిగిలేవి పేరు, రంగు, ఊరు, మైదానం. మరి ఆ పెద్దాయన యాభై ఏళ్లుగా ఎవరికి అభిమాని?

దీనికి మన దగ్గరి జవాబు వెతకాలంటే విశాఖలోని పోతినమల్లయ్యపాలెం స్టేడియానికి రావాలి. 2005 ఏప్రిల్ 5న అక్కడ మొదటి అంతర్జాతీయ వన్డే జరిగింది. పాకిస్థాన్ మీద, జుట్టు పెంచుకున్న కొత్త కీపరు మూడో స్థానంలో దిగి 123 బంతుల్లో 148 కొట్టాడు. అది ధోనీకి ఐదో వన్డే. రాంచీ వాడు ఆ సాయంత్రం నుంచి విశాఖలో 'మావోడు' అయిపోయాడు. మావోడు అనే మాటలో అభిమానం నిర్వచనం మొత్తం ఇమిడిపోయి ఉంది, వేరే కారికలు అక్కర్లేదు.

పంతొమ్మిదేళ్ల తరవాత, 2024 మార్చి 31న అదే మైదానంలో ఢిల్లీ క్యాపిటల్స్, చెన్నై సూపర్ కింగ్స్ ఆడాయి. కాగితం మీద అది ఢిల్లీ సొంత మైదానం. గ్యాలరీలు మాత్రం పసుపు. చెన్నై 20 పరుగుల తేడాతో ఓడింది. చివర్లో దిగిన ధోనీ 16 బంతుల్లో 37 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. జనం గెలిచినంత సంబరంగా ఇళ్లకి వెళ్లారు. అంటే వాళ్లు జట్టుకి అభిమానులు కారు, మనిషికి అభిమానులు. ఇది తక్కువ అభిమానమని కాదు గానీ దీనికి ఆయుర్దాయం ఉంది. మనిషి ఒకనాడు బ్యాటు పక్కన పెడతాడు. కాలేజీ పెద్దాయన అభిమానానికి ఆ గడువు లేదు.

ఈ రెంటికీ తేడా పట్టుకోవడానికి నాకు తెలిసిన సాధనం వ్యాకరణమే. తెలుగు క్రియ తన కర్తని తోకలో పెట్టుకుని తిరుగుతుంది. మనం, మేం అనక్కర్లేదు. గెలిచాం అంటే ఉత్తమ పురుష, ఓడిపోయారు అంటే ప్రథమ పురుష. మ్యాచ్ మర్నాడు ఉక్కు ప్లాంటు గేటు దగ్గర, ఎ షిఫ్టుకి వెళ్లేవాళ్ల మాటలు వినండి. "గెలిచీసేం రా బావా!" అన్న నోరే ఇంకో పొద్దున "ఆళ్లకి ఆడడం రాదెహె, ఓడిపోనారు" అంటుంది. గెలుపులో మనం ఉన్నాం, ఓటమిలో వాళ్లున్నారు. రాత్రికి రాత్రి క్రియ తోక మారిపోయింది.

ఇది మన గేటు దగ్గరి సంగతే కాదు. రాబర్ట్ చాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1976లో ఒక పరిశోధన ప్రచురించారు. మిషిగన్, ఒహాయో స్టేట్, ఉక్కు ఊరు పిట్స్‌బర్గ్‌తో కలిపి ఏడు విశ్వవిద్యాలయాల్లో, 1973 ఫుట్‌బాల్ సీజనులో, సోమవారం క్లాసులకి ఎవరెవరు కాలేజీ పేరున్న బట్టలు వేసుకొస్తున్నారో గమనించారు. శనివారం గెలిస్తే ఆ బట్టలు ఎక్కువ కనిపించాయి. ఫోను చేసి ఫలానా ఆట ఏమైందని అడిగితే, గెలిచిన ఆట గురించి 'మేం' అని చెప్పడం ఎక్కువ, ఓడిన ఆట గురించి తక్కువ. ఇంగ్లీషువాడికి అందుకు వేరే సర్వనామం కావాలి. మనకి క్రియ చాలు. పైగా మనకి ఇంకో వెసులుబాటు ఉంది. సొంత జట్టువాడితో 'మనం గెలిచాం', ఎదుటి జట్టువాడితో 'మేం గెలిచాం'. 'మనం'లో వినేవాడికి చోటుంది, 'మేం'లో లేదు. ఎన్టీఆర్, ఏఎన్నార్ కాలం నుంచి హాళ్ల ముందు జరిగిన కొట్లాటలన్నీ ఈ రెండు సర్వనామాల మధ్యే జరిగాయి. దురభిమానం అంటే వినేవాడికి చోటివ్వని 'మేం'.

ఓడినా ఉత్తమ పురుష వదలనివాళ్లు కొందరుంటారు. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లకి దీని మీద ఒక ఆచారమే ఉంది. 1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఆట. దెబ్బలు తగిలి ఆటగాళ్లు తగ్గిపోతున్నారు. పైనుంచి ఆట చూస్తున్న కింగ్ గిల్ అనే విద్యార్థిని కిందికి పిలిచారు. అతను జట్టు బట్టలు వేసుకుని గీత పక్కన నిలబడ్డాడు. చివరిదాకా అతన్ని దింపే అవసరం రాలేదు, ఏ అండ్ ఎం 22-14తో నెగ్గింది. అప్పట్నుంచి అక్కడి విద్యార్థులకి 'పన్నెండో మనిషి' అని పేరు. అవసరమైతే మేమూ దిగుతాం అన్నట్టు ఆటంతా నిలబడే చూస్తారు. క్రికెట్‌లో పన్నెండోవాడు మంచినీళ్లు మోస్తాడు. ఇక్కడి పన్నెండోవాడి పని నిలబడి ఉండడమే. ఆడకపోయినా గెలుపోటముల లెక్కలో తన తల కూడా ఉందనుకోవడం.

అభిమానిలో ఆత్మగౌరవం పోలికలే ఎక్కువ అన్నది ఇందుకే. అభిమాని తన పరువు తీసుకెళ్లి ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతుల్లో పెడతాడు. అవతలివాళ్లు ఓడితే ఇతని అభిమానం దెబ్బతింటుంది. ప్రేమ అయితే తగ్గించుకోవచ్చు, ఇష్టం అయితే మార్చుకోవచ్చు. పరువు ఒకసారి అప్పగించాక వెనక్కి తీసుకునే దారి ఉండదు. లోపలికి వెళ్లడమే తెలిసి బయటికి రావడం తెలియని అభిమన్యుడి పేరు కూడా ఈ ధాతువు నుంచే రావడం కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం బాగుంది.

ఉక్కునగరంలో ఈ మాటకి ఆటతో సంబంధం లేని ప్రయోగం ఒకటుంది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా లేచినప్పుడు నిరాహారదీక్షకి కూర్చున్న టి. అమృతరావుది గుంటూరు జిల్లా. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయంటారు. వాళ్లలో ఎవరూ ఆ ప్లాంటులో ఉద్యోగం చేయలేదు, చేసే వీలూ లేదు. ఇందిరా గాంధీ 1971లో శంకుస్థాపన చేస్తే, పి.వి. నరసింహారావు 1992లో జాతికి అంకితం చేశారు. బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. ఇంట్లో ఆడపిల్లల్ని పిలిచినట్టు "గోదావరి ఎలా ఉందివాళ?" అని అడుగుతారు. మొదట్లో ఆ కొలిమి ముందు నిలబడినవాళ్లలో చాలామంది రిటైరయిపోయారు. కాలేజీ జట్టులాగే మనుషులు మారారు, పేరు ఉంది.

2021 జనవరి 27న కేంద్రం ఈ ప్లాంటులో తన వాటా మొత్తం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది. ఈ రెంటికీ మధ్య ఊళ్లో సాగిన వాదాల్లో నేను విన్నది అంకెల కంటే సర్వనామాల్నే. "ఆ కంపెనీకి నష్టాలు" అన్నవాళ్లు కొందరు. "మనకి సొంత గనులు ఇవ్వలేదు, మనకి నష్టాలు రాక ఏమవుతుంది" అన్నవాళ్లు కొందరు. రెండోవాళ్లలో చాలామంది ఆ గేటు లోపలికి ఒక్కసారీ వెళ్లినవాళ్లు కారు. ఇనుప గనుల సంగతిలో వాళ్ల వాదానికి బలముంది. బలం లేకపోయినా వాళ్లు 'మనకి' అనే అనేవాళ్లని నా నమ్మకం. అంపైరుని తిట్టే అభిమానికీ ఆధారాలతో పెద్ద పని ఉండదు కదా.

నిఘంటువుల్లో అభిమానికి ప్రేమ కలవాడు, గర్వం కలవాడు అని అర్థాలు రాసి ఉంటాయి. రెండూ నిజమే, రెండూ చాలవు. ఇంకో పంక్తి చేర్చే అవకాశం దొరికితే నేనిలా రాస్తాను. అభిమాని: ఓటమి క్రియని ఉత్తమ పురుషలో, బహువచనంలో వాడువాడు. ప్రయోగం: "ఓడిపోనాం."