ఒక్క క్లిక్, 85 లక్షల కంప్యూటర్లు: ఫ్లాపీ రోజుల నుంచి నీలం స్క్రీన్ దాకా

2024 జులై 19, శుక్రవారం గుర్తుందా? ఆ రోజు హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఇండిగో వాళ్లు ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. పేరు, సీటు నంబరు, అన్నీ పెన్నుతోనే. ఆ ఫోటో మీ వాట్సాప్‌కి కూడా వచ్చే ఉంటుంది. చూసి నవ్వుకునే ఉంటారు.

అదే రోజు ప్రపంచం మొత్తం మీద దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం స్క్రీన్ చూపించి ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క వేసింది. హ్యాకర్లు చేసిన పని కాదు, వైరస్ కూడా కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తన కస్టమర్ల కంప్యూటర్లకి పంపిన ఒక చిన్న అప్‌డేట్ ఫైల్ అది. తప్పు తెలుసుకుని 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

ఎక్కడో కూర్చున్న ఒక కంపెనీ ఇన్ని లక్షల కంప్యూటర్లలోకి ఒకేసారి ఫైల్ ఎలా పెట్టగలిగింది? ఆ తాళం చెవి దాని చేతికి ఎవరిచ్చారు? ఇవాళ్టి ఎపిసోడ్ ఆ కథే.

ముందు 1995కి వెళ్దాం. విండోస్ 95 ఫ్లాపీల్లో కొంటే మొత్తం 13 ఫ్లాపీలు వచ్చేవి. ఒకటి పెట్టాలి, కాపీ అయ్యేదాకా చూడాలి, తీసి ఇంకోటి పెట్టాలి. ఆఫీసులో 500 కంప్యూటర్లు ఉన్నాయనుకోండి. 6,500 సార్లు ఫ్లాపీ మార్చాలి! ఒక మనిషి ఫ్లాపీల డబ్బా చంకలో పెట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరిగేవాడు. ఈ పద్ధతికి ఇంజనీర్లు సరదాగా 'స్నీకర్‌నెట్' అని పేరు పెట్టుకున్నారు. నెట్‌వర్క్ కేబుల్ బదులు కాళ్లకున్న బూట్లే డేటా మోస్తాయి కాబట్టి.

ఈ తిరుగుడు తప్పించాలని కంపెనీలు అప్పటికే చూస్తున్నాయి. 1994లో మైక్రోసాఫ్ట్ 'సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్' అని ఒకటి తెచ్చింది. పొట్టి పేరు ఎస్‌ఎంఎస్. మన మెసేజ్‌ల ఎస్‌ఎంఎస్ కాదు లెండి. దీని ఐడియా చాలా సింపుల్. ప్రతి కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుంటుంది. దాన్ని 'ఏజెంట్' అంటాం. కొంతసేపటికోసారి అది సర్వర్‌ని "నాకేమైనా పని ఉందా?" అని అడుగుతుంది. ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని, తనే ఇన్‌స్టాల్ చేసేస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇన్‌స్టాల్ చేయాలంటే ఆ ఏజెంట్‌కి కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఉండాలి. అంటే ఆ కుర్చీలో కూర్చున్న మనిషి కంటే ఎక్కువ అధికారం. మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక వీడియో ప్లేయర్ ఇన్‌స్టాల్ చేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది చూడండి, దాని వెనకున్న లెక్క ఇదే. ల్యాప్‌టాప్ మీ బ్యాగులో ఉన్నా, పెత్తనం మీది కాదు.

2000లో విండోస్ 2000తో పాటు యాక్టివ్ డైరెక్టరీ, గ్రూప్ పాలసీ వచ్చాయి. అకౌంట్స్ వాళ్లకి ఒక సాఫ్ట్‌వేర్, సేల్స్ వాళ్లకి ఇంకోటి అని గ్రూపుల వారీగా పంపడం తేలికైంది.

తర్వాత 2003 వచ్చింది. ఆ ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ విండోస్ కంప్యూటర్లని పట్టుకుంది. నిజానికి దానికి మందు, అంటే ప్యాచ్, జులైలోనే వచ్చేసింది. కానీ చాలామంది వేసుకోలేదు. ప్యాచ్‌లు ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటే ఆఫీసుల వాళ్లు ఎన్నని టెస్ట్ చేస్తారు? అందుకే 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ నెలకో రోజు పెట్టింది. ప్రతి నెలా రెండో మంగళవారం. దీన్నే 'ప్యాచ్ ట్యూస్‌డే' అంటారు. మన టైంలో మంగళవారం రాత్రి పడుతుంది. బుధవారం పొద్దున ఐటీ టీమ్ వాళ్ల మొహాలు అలా ఎందుకుంటాయో ఇప్పుడర్థమైందా?

ఈ లోపు ఫోన్లూ ఇదే దారి పట్టాయి. బ్లాక్‌బెర్రీ రోజుల్లోనే ఫోన్ పోతే ఆఫీసు సర్వర్ నుంచి అందులో ఉన్నదంతా చెరిపేసే వీలుండేది. 2010లో ఐఓఎస్ 4తో ఐఫోన్లని కూడా ఆఫీసు సర్వర్ నుంచే నిర్వహించే సదుపాయం వచ్చింది. దీన్నే ఎండీఎం, అంటే మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ అంటారు. 2014లో ఆండ్రాయిడ్ 5.0 'వర్క్ ప్రొఫైల్' తెచ్చింది. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు కనిపిస్తుంది కదా, అదే. మీ సొంత ఫోన్‌లో అది ఉంటే, ఉద్యోగం మానేసిన రోజు ఆ అర మాత్రమే చెరిపేస్తారు. మీ ఫోటోల జోలికి రారు. అదే కంపెనీ ఇచ్చిన ఫోన్ అయితే మొత్తం వాళ్ల చేతిలోనే.

మరి ఈ తాళం చెవి చెయ్యి జారితే? 2014 మే నెలలో అమెరికాలోని ఎమోరీ యూనివర్సిటీలో అదే జరిగింది. విండోస్ 7 ఇన్‌స్టాల్ చేసే ఆర్డర్ పొరపాటున అక్కడి విండోస్ కంప్యూటర్లన్నిటికీ వెళ్లింది. ఆ ఆర్డర్ ముందు హార్డ్ డిస్క్‌ని శుభ్రంగా తుడిచేస్తుంది, తర్వాతే విండోస్ వేస్తుంది. విషయం తెలిసి సర్వర్ ఆపేద్దామని పరిగెత్తేసరికి, ఆర్డర్ పంపిన ఆ సర్వరే తనని తాను తుడిచేసుకుంది.

బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగం ఇలాంటి టీమ్‌లోనే. ఒక శుక్రవారం సాయంత్రం ఒక ప్రింటర్ డ్రైవర్‌ని పది మంది టెస్ట్ గ్రూపుకి పంపాలి. తొందరలో లిస్టులో పై లైన్ నొక్కి ఫ్లోర్ మొత్తానికి పంపేశాను. సోమవారం ఎవరికీ ప్రింట్ రాలేదు. మా సీనియర్ అన్న తిట్టలేదు. పంపడం ఎవరైనా ఒక్క రోజులో నేర్చుకుంటారు, ఆపడం ఎలాగో ముందు తెలుసుకో అన్నాడు. ఇప్పటికీ మర్చిపోలేదు.

అలాగని భయపడి ఆలస్యం చేస్తే? 2017 మార్చి 14న ఒక ప్యాచ్ వచ్చింది. మే 12న వానాక్రై వచ్చింది. రెండు నెలల టైం ఉన్నా వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేశాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి.

అంటే ఆలస్యం చేస్తే వానాక్రై, అందరికీ ఒకేసారి పంపితే క్రౌడ్‌స్ట్రైక్. దీనికి ఈ ఫీల్డ్‌లో పాత మందే ఉంది. 'రింగ్స్' అంటాం. ముందు మన ఐటీ టీమ్ కంప్యూటర్లకి, తర్వాత వంద మందికి, ఏమీ కాకపోతే వెయ్యి మందికి, అప్పుడు అందరికీ. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టే.

2024లో జరిగిన తప్పు ఇక్కడే. చాలా కంపెనీలు జాగ్రత్త కోసం క్రౌడ్‌స్ట్రైక్ పాత వెర్షన్ మీదే ఉండేలా సెట్టింగ్ పెట్టుకున్నాయి. కానీ ఆ రోజు వచ్చిన ఫైల్ రకానికి ఆ సెట్టింగ్ వర్తించదు. మెతుకు పట్టి చూసే అవకాశమే కస్టమర్‌కి లేదు. ఇకపై ఇలాంటి ఫైళ్లని కూడా విడతలుగా పంపుతామని కంపెనీ తర్వాత చెప్పింది.

బాగు చేయడం ఇంకా కష్టమైంది. కంప్యూటర్ సరిగ్గా ఆన్ అవ్వకపోతే ఏజెంట్ కొత్త ఫైల్ ఎలా తెచ్చుకుంటుంది? చాలా చోట్ల ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైల్ డిలీట్ చేయాల్సి వచ్చింది. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల కీ కూడా టైప్ చేయాలి. చూశారా, 30 ఏళ్ల తర్వాత మళ్లీ టేబుల్ టేబుల్‌కీ నడకే!

కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అడిగితే నెలల తరబడి 'తర్వాత' నొక్కకండి. రేపు మీరే ఐటీ టీమ్‌లో చేరితే, 'అందరికీ పంపు' బటన్ మీద వేలు పెట్టే ముందు ఒక్కసారి ఆ బోర్డింగ్ పాస్ గుర్తు తెచ్చుకోండి. మీ ఆఫీసులో ఇలాంటి కథ ఉంటే, కంపెనీ పేరు లేకుండా కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!