పీడనం రాకముందు

తపతి సముద్రంలో కలిసే హజీరాలో, ఓ రేకుల షెడ్డులో నిలబడ్డారు మీరు. ఉప్పుగాలి, గ్రైండర్ల రొద. ఫ్రాన్సులో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టరుకు 29 మీటర్ల వ్యాసమున్న క్రయోస్టాట్ భాగాలను ఎల్ అండ్ టీ తయారుచేసి ఓడలెక్కించింది ఈ ఊళ్లోనే. మీ ఎదుట ఉన్న వెసెల్ దాని ముందు పిసరంత. డిజైన్ పీడనం 20 బార్లు, గాస్కెట్ వ్యాసం 600 మిల్లీమీటర్లు. మూత చుట్టూ 24 స్టడ్లు, అన్నీ ఎం24 సైజువే.

డిజైనర్ లెక్కల కాగితం మీ చేతికిస్తుంది. 20 బార్ల పీడనం మూతను తోసే బలం 58 టన్నులు. గాస్కెట్ కారకుండా నొక్కి ఉంచడానికి మరో 20. ఆ కింది వరుస చూసి ఆగిపోతారు: 118. లోపల పీడనం ఏమీ లేనప్పుడు, స్పైరల్ వూండ్ గాస్కెట్‌ను ఫ్లాంజి ముఖానికి అతికేలా అణచడానికే అంత కావాలి. స్టడ్ల సైజును తేల్చింది ఇదే. స్టడ్లు చేసిన బి7 ఉక్కుకు ప్రెషర్ వెసెల్ కోడ్ అనుమతించే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 172 న్యూటన్లు. ఆ లెక్కన 20 స్టడ్లు చాలవు, నాలుగేసి చొప్పున పెంచితే 24.

"32 వేస్తే ఇంకా భద్రం కదండీ?"

"కాదండీ. కావలసిన స్టడ్ల వైశాల్యానికీ, వేసిన స్టడ్ల వైశాల్యానికీ సగటు తీసి ఫ్లాంజి మీద భారం కడతాం. స్టడ్లు పెరిగితే ఫ్లాంజి మందమూ పెంచాలి."

ఆమె వెనక ఫిట్టర్ వంగి నట్టు చూస్తున్నాడు. మరమగ్గాల పనికని తెలంగాణ నుంచి వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డ పద్మశాలీల ఇంటి పిల్లాడు.

"గ్రీజు మరల మీదనే పెట్టినవా తమ్ముడూ?"

"నట్టు అడుగున సుత పెట్టిన అన్నా."

ఈ ప్రశ్న అడగని చోట మీరు నిలబడకండి. గ్రీజుంటే 430 న్యూటన్ మీటర్ల టార్క్ స్టడ్‌ను 112 కిలోన్యూటన్ల బలంతో లాగుతుంది. పొడిగా ఉంటే అదే టార్క్‌కు 90 దాటదు. రెంచ్ మాత్రం రెండుసార్లూ ఒకేలా 'టక్' మంటుంది.

ఎదురెదురు స్టడ్లు బిగుస్తున్నాయి: మొదట 130, తర్వాత 300, ఆపైన 430. స్టడ్‌లో ఒత్తిడి ఇప్పుడు 345కి చేరింది, అనుమతికి రెట్టింపు. కంగారు పడకండి. 172 సైజు తేల్చడానికి వాడిన అంకె. బి7 సాగిపోవడం మొదలయ్యేది 720 దగ్గర. ఆ బిగింపుకు ఫ్లాంజి ఎంత వంగుతుందన్నది మాత్రం విడిగా చూడాలి. ఆ లెక్క కూడా ఆమె కాగితంలో ఉంది.

నాలుగు గంటలు ఆగి, గాస్కెట్ సర్దుకున్నాక, వరసగా చుట్టూ మరోసారి 430. అప్పుడు నీళ్లు నింపి 26 బార్లకు పంపు కొడతారు. మూతను తోసేది 75 టన్నులు. స్టడ్లు లాగిపట్టింది దాదాపు 270.