తల్లిదండ్రుల మనోవర్తి

వృద్ధులగు తల్లిదండ్రులను పోషించుట బిడ్డల ధర్మమని మన దేశమున ఎవ్వరును కాదనరు. కాని యా ధర్మమునకు వ్రాత యవసరమా యని యడిగినచో పెక్కుమంది నొచ్చుకొందురు. కన్నకొడుకుతో కాగితమేమిటని తండ్రి యనును. నాయందు నమ్మకము లేదా యని కొడుకనును. ఈ బిడియము మన ప్రాచీనాచారమని పలువురు తలంచుచున్నారు. మన న్యాయచరిత్రను కొంచెము తిరుగవేసి చూచినచో ఈ తలంపు నిలువదని మా యభిప్రాయము.

కల్యాణి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని తెలుగుపద్యములలోనికి దెచ్చెను. అనగా దాయభాగధర్మములను తెలుగువాడు తన భాషలో చదువుకొనుట నిన్నమొన్నటి మాట కాదు. మితాక్షర ప్రకారము పిత్రార్జితమున కొడుకునకు పుట్టుకతోడనే హక్కు కలదు. తండ్రి దానిని తన యిచ్ఛవచ్చినట్లు ఇచ్చివేయరాదు. ఇది కొడుకుల మేలుకొఱకు ఏర్పడిన నియమమువలె తోచును గాని, ముదిమిలో తండ్రికిని ఇది కోటగోడయే. ఉన్నదంతయు ఒక్కనికి వ్రాసియిచ్చి వీధిని బడుట కాతనికి త్రోవయే లేకుండెను. ఆస్తి వచ్చినను రాకున్నను వృద్ధులగు తల్లిదండ్రులను పోషించు భారము కొడుకునకు తప్పదని ధర్మశాస్త్రము విధించెను. ఇంగ్లీషువారి న్యాయస్థానములును దాని నంగీకరించెను.

తల్లి స్థితి వేఱు. కొడుకులు పంచుకొనునపుడు తల్లికొక పాలు ఈయవలెనని మితాక్షరలో నున్నను, దక్షిణదేశమున ఆ యాచారము చాలకాలము క్రిందటనే అడుగంటినది. ఆమెకు మిగిలినది మనోవర్తి మాత్రమే. 1937వ సంవత్సరపు చట్టము వితంతువునకు భర్త యాస్తిలో జీవితకాలపు హక్కు నిచ్చెను. కాని వ్యవసాయభూమి కది వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చెను. పల్లెటూరి తల్లికి భూమి కాక వేఱాస్తి యేమున్నది? ఆ లోపమును మద్రాసు రాష్ట్రము 1947లో వేఱొక చట్టముచే తీర్చెను. పదేండ్లపాటు ఆ తల్లులు కొడుకుల దయపైననే బ్రదికిరి. నెల కొకరియింట వంతులవారీగా మూట మోసికొని తిరుగుట నాటి దురవస్థయే కాదు, నేటికిని పోలేదు.

ఇక వ్రాతమాట. మన రైతుకుటుంబములలో ఇల్లరికమను ఆచార మున్నది. మగసంతు లేనివారు అల్లుని ఇంటికి దెచ్చుకొని, ఆస్తి చూచుకొనుచు తమతో నుండుమని, అందులకు ప్రతిఫలముగా పాలిత్తుమని ముందుగనే ఒప్పందము చేసికొనెడివారు. రెడ్డి, కమ్మ కుటుంబములలోని యీ యాచారమును మద్రాసు హైకోర్టు గుర్తించెను. ఇందు ప్రేమ లేదని యెవరైన అన్నారా? అట్లే పారీకత్తులు చూడుడు. కొడుకులు భూమి పంచుకొను కాగితములోనే తల్లిదండ్రుల మనోవర్తికి ఏటేట ఎవరు ఎన్ని బస్తాల ధాన్యము కొలువవలెనో, వారు ఏ గదిలో నుండవలెనో వ్రాసికొనుట మన పల్లెలలో నున్నదే. వ్రాయించిన పెద్దలు బిడ్డలను ద్వేషించినవారు కారు. షరతు వ్రాయుట యవమానమను భావము వారికి లేదు.

మఱి మార్పెక్కడ వచ్చినది? పిత్రార్జితము తగ్గి స్వార్జితము పెరిగినప్పుడని మేము తలంచుచున్నాము. ఉద్యోగమువలనను వ్యాపారమువలనను సంపాదించిన సొత్తుపై ఆర్జించినవానికి సంపూర్ణాధికార ముండెను. విల్లు మన ప్రాచీనశాస్త్రమున స్పష్టముగా లేదు. ఇంగ్లీషువారి కాలమున బలపడినది. 1870వ సంవత్సరపు హిందూ విల్లుల చట్టము చెన్నపురి, బొంబాయి నగరములకును వంగదేశమునకును మాత్రమే వర్తించినందున, ఇంగ్లీషు పాలనలోని తెలుగుజిల్లాలలో నోటిమాటతో చెప్పిన విల్లుకూడ 1926 తుదివఱకు చెల్లుచుండెను. 1927 జనవరి 1 మొదలు వ్రాతయు ఇద్దఱు సాక్షులును తప్పనిసరియైనవి. ఉమ్మడికుటుంబములోని తన పాలును సయితము విల్లు వ్రాయవచ్చునని 1956వ సంవత్సరపు వారసత్వచట్టము చెప్పెను. కోటగోడ ఇట్లు రెండువైపుల బీటలు వాఱినది. అదే చట్టమున తల్లి మొదటి తరగతి వారసురాలైనది, తండ్రి కాలేదు. కొడుకు విల్లు లేకుండ చనిపోయినచో ఆతని భార్యాబిడ్డలతోపాటు తల్లికి పాలు వచ్చును. వారిలో ఎవరున్నను తండ్రికి రాదు. ఈ సంగతి యెఱిగిన తండ్రులు మిక్కిలి కొద్ది.

1956లోనే వేఱొక చట్టము వృద్ధులను పోషించు బాధ్యతను కొడుకుతోపాటు కూతునకును పెట్టినది. 1973వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడు మేజిస్ట్రేటునొద్దకు పోవు హక్కును తల్లిదండ్రులకు నొసగెను. పెండ్లియైన కూతురును బాధ్యురాలేయని 1987లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమచట్టము ఇంకను ముందునకు బోయి, సివిలుకోర్టుకు బోకయే మనోవర్తి పొందుటకు ట్రిబ్యునళ్ల నేర్పఱచెను. ఆ చట్టములోని 23వ సెక్షనే మన విషయమునకు ప్రాణము. పోషింపవలెనను షరతుతో అరువదియేండ్లు నిండినవారు ఆస్తి యిచ్చి, పుచ్చుకొన్నవాడు పోషింపకున్నచో, ఆ దానము మోసముచేతనో బలవంతముచేతనో జరిగినట్లు భావించి ట్రిబ్యునలు దానిని రద్దుచేయవచ్చును.

షరతుతో — ఆ యొక్కమాట గమనింపుడు. మన దస్తావేజులలో పుత్రపౌత్రపారంపర్యముగా దానవినిమయవిక్రయాది సర్వహక్కులతో అనుభవింపుమని నిండుగా వ్రాసెదరు. కొడుకు మనుమలవఱకు లెక్కకు వత్తురు. ఇచ్చుచున్న ముసలివారి అన్నముమాట మాత్రము అందుండదు. వ్రాయువానికి పాతనకలు చాలును, సంతకము చేయువానికి సిగ్గు అడ్డము. ట్రిబ్యునలునకు వచ్చిన ఒక తల్లి వ్యాజ్యములో, షరతు ఉన్నట్లు చూపనిదే 23వ సెక్షను పనిచేయదని 2022 డిసెంబరులో సుప్రీముకోర్టు తేల్చెను.

విల్లునకును దానపత్రమునకును గల భేదమునుగూర్చి ఒకమాట. విల్లును చనిపోవువఱకు ఎన్నిమారులైన మార్చవచ్చును. రిజిస్ట్రేషను కూడ ఐచ్ఛికమే. దానపత్రము రిజిస్టరై పుచ్చుకొన్నవా డంగీకరించినచో మనసు మాఱినదని తిరుగ దీసికొనుటకు వీలులేదు. 2014లో ఆంధ్రదేశమునుండి సుప్రీముకోర్టుకు వెళ్లిన వ్యాజ్యములో దాత జీవించినంతకాలము స్వాధీనమును అద్దెలను తనకే నిలుపుకొని స్థిరాస్తి నిచ్చి, పిమ్మట రద్దుపత్రము వ్రాసెను. జీవితకాలపు అనుభవము నిలుపుకొన్నను దానము చెల్లుననియు, రద్దుపత్రము చెల్లదనియు తీర్పు వచ్చినది. ఇందు రెండు సంగతులున్నవి: ఇల్లు విడువకయే ఇచ్చుటకు మార్గమున్నది, ఇచ్చిన పిదప వెనుకకు మార్గము లేదు.

ముక్తారునామానుగూర్చియు గట్టి భ్రమ యున్నది. అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్న కొడుకు పేర దానిని వ్రాసియుంచినచో ముసలితనమున మతి తప్పినను పనులు జరుగునని నమ్మెదరు. 1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టము ప్రకారము, వ్రాసియిచ్చినవానికి మతి తప్పిన నాడే ఆ యధికారమును పోవును. కావలసిన దినముననే అది చేతనుండదు. అప్పుడు కోర్టుకు బోయి సంరక్షకుని నియమింపజేసికొనవలెను. మతి బాగుండగనే విల్లు వ్రాయుటయు, బ్యాంకుఖాతాలో జత పేరు చేర్చుటయు ఇందువలననే ముఖ్యములు.

2022 నాటి తీర్పునకు తర్వాతి ఘట్టము మధ్యప్రదేశమునుండి వచ్చినది. అచ్చట ఒక తల్లి 2019లో కుమారునకు దానపత్రము వ్రాసి, ఆ దినముననే తన్ను పోషింతునని అతనిచేత వేఱొక కాగితము వ్రాయించుకొనెను. పోషణ జరుగలేదని ఆమె ట్రిబ్యునలు నాశ్రయించెను. ట్రిబ్యునలు దానమును రద్దుచేయగా, హైకోర్టు డివిజనుబెంచి ఆ రద్దును త్రోసివేసెను. 2025 జనవరి 2న సుప్రీముకోర్టు ఆ రెండు కాగితములను కలిపి చదివి, వృద్ధుల మేలుకొఱకు పుట్టిన చట్టమును ఉదారముగా అర్థము చేయవలెనని చెప్పి, దానమును రద్దుపఱచి, ఫిబ్రవరి 28వ తేదీలోపల ఆస్తిని తల్లికి స్వాధీనపఱుపవలెనని ఉత్తరు విచ్చెను. దానపత్రము వ్రాసిననాడు ఆ రెండవ కాగితము వ్రాయించుకొనుటకు ఆమె సిగ్గుపడలేదు.